గిఫ్ట్ కార్డు వాడకుండానే గడువు తీరిందా? మీ డబ్బు వెనక్కి రాబట్టుకునే దారి ఇది

దసరాకు కంపెనీ ఇచ్చిన గిఫ్ట్ కార్డు, పెళ్లికి స్నేహితులు చదివించిన రిసార్ట్ వోచర్, పది సిట్టింగులకు ఒకేసారి కడితే రెండు ఉచితమంటే కట్టిన బ్యూటీ పార్లర్ ప్యాకేజీ. ఇలాంటివి ప్రతి ఇంట్లో ఒకటో రెండో బీరువాలో పడి ఉంటాయి. తీరా బయటకు తీసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. కౌంటరు దగ్గర అడిగితే ‘సిస్టమ్ తీసుకోవడం లేదండీ’ అంటారు. చాలామంది ఆ ఒక్క మాటతో ఆశ వదులుకుని ఇంటికి వచ్చేస్తారు.

అలా వదులుకోవలసిన పని లేదు. మన దేశంలో డబ్బు కట్టి కొన్న వోచర్లలో ఒక పెద్ద వర్గానికి, గడువు తీరిన తర్వాత కూడా మిగిలిన సొమ్ము అడిగి తీసుకునే వీలును రిజర్వు బ్యాంకు రాతపూర్వకంగా కల్పించింది. మిగతా వర్గాలకు అంత సూటి నిబంధన లేకపోయినా వినియోగదారుల చట్టం అండగా ఉంది. మీ చేతిలో ఉన్నది ఏ వర్గమో తేల్చుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. అది తేలకుండా రాసిన ఫిర్యాదు తప్పు గుమ్మానికి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది.

ఈ వోచర్లు వాడకుండా మిగిలిపోవడం అమ్మినవారికి నష్టం కాదు. వాడని సొమ్మును లెక్కల్లో ‘బ్రేకేజ్’ అంటారు. కొంత భాగం ఎలాగూ ఎవరూ వాడరని ముందే అంచనా వేసి దాన్ని ఆదాయంగా చూపించుకునే పద్ధతి మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 115లోనే ఉంది. అందుకని గడువు దగ్గర పడుతోందని అవతలివారే ఆత్రంగా గుర్తు చేస్తారని ఎదురుచూడకండి.

మొదటి అడుగు: కార్డు తిరగేయండి

ముందువైపు దుకాణం పేరు పెద్ద అక్షరాల్లో మెరుస్తూ ఉంటుంది. మనకు కావలసింది వెనకవైపు ఉంటుంది. గీకి చూసే పిన్ నంబరు పట్టీ కింద, బూడిద రంగులో, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో ‘ఈ కార్డును ఫలానా ప్రైవేట్ లిమిటెడ్ జారీ చేసింది’ అనే వాక్యం ఉందేమో వెతకండి. ఆ ఫలానా సంస్థ పేరు, ముందువైపున్న దుకాణం పేరు చాలాసార్లు ఒకటి కావు. దుకాణం తన పేరు మాత్రమే ఇస్తుంది. డబ్బు తీసుకుని కార్డు జారీ చేసేది పైన్ ల్యాబ్స్ వంటి అనుమతి పొందిన సంస్థో, ఏదైనా బ్యాంకో అయి ఉండవచ్చు. ఈ-వోచర్ అయితే మెయిల్ అడుగున ఉన్న నియమ నిబంధనల లింకు తెరవండి. అందులో ‘పీపీఐ’ అనో, ‘ప్రీపెయిడ్ పేమెంట్ ఇన్‌స్ట్రుమెంట్’ అనో, ‘రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలకు లోబడి’ అనో కనిపిస్తే మీ పని సగం తేలికైనట్టే.

దీన్నిబట్టి మీ దగ్గర ఉన్నది నాలుగింటిలో ఒకటి అవుతుంది.

పలు దుకాణాల్లో చెల్లే కార్డు, లేదా రూపే, వీసా గుర్తు ఉన్న గిఫ్ట్ కార్డు, లేదా అనుమతి పొందిన సంస్థ జారీ చేసిన కార్డు: ఇది రిజర్వు బ్యాంకు పరిధిలోకి వస్తుంది.

ఒక దుకాణం తానే ముద్రించి, తన దగ్గర మాత్రమే చెల్లేలా ఇచ్చిన కూపను లేదా కార్డు: దీన్ని ‘క్లోజ్డ్’ వ్యవస్థ అంటారు. దీనికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు. అంటే ఆ బ్యాంకు నియమాలు కూడా వర్తించవు. ఇక్కడ మీకు దిక్కు వినియోగదారుల రక్షణ చట్టం, 2019.

ఒక నిర్దిష్టమైన సేవకు ముందుగా కట్టిన డబ్బు: జిమ్, స్పా, హోటల్ బస, కోచింగ్, పిల్లల ఈత తరగతులు. పేరుకు వోచర్ అన్నా ఇది నిజానికి సేవా ఒప్పందం.

చివరిది, మీరు రూపాయి కూడా పెట్టకుండా వచ్చిన ‘200 తగ్గింపు’ కూపన్లు, రివార్డు పాయింట్లు. వీటి విషయంలో మీ పట్టు చాలా బలహీనం. డబ్బు చెల్లించనిదే వినియోగదారుడు కాడు అన్నది చట్టంలోని మూల సూత్రం. వీటి కోసం పోరాడి సమయం పాడు చేసుకోకండి.

‘డబ్బు కట్టింది నేను కాదు, కానుకగా వచ్చింది కదా’ అనే సందేహం చాలామందికి వస్తుంది. చట్టంలోని సెక్షన్ 2(7) ప్రకారం కొన్నవారే కాదు, కొన్నవారి సమ్మతితో ఆ వస్తువు వాడుకునేవారు, ఆ సేవ పొందేవారు కూడా వినియోగదారులే. మేనమామ కొనిచ్చిన వోచర్ మీద మేనకోడలు ఫిర్యాదు చేయవచ్చు. కాకపోతే కొన్న రశీదు మేనమామ దగ్గర ఉంటుంది కాబట్టి ముందే అడిగి తెచ్చుకోవాలి.

గడువు ఇంకా ఉంటే

ముందుగా బ్యాలెన్స్ చూసి, ఆ తెర చిత్రాన్ని తేదీ కనిపించేలా దాచుకోండి. గడువు తీరాక కొన్ని సైట్లు బ్యాలెన్స్ చూపించడం మానేస్తాయి. అప్పుడు ఎంత మిగిలిందో నిరూపించడం మీ తలకు చుట్టుకుంటుంది.

రిజర్వు బ్యాంకు పరిధిలోని కార్డులకు కనీసం ఏడాది చెల్లుబాటు ఉండాలి. 2021 ఆగస్టు 27న ఆ బ్యాంకు ఇచ్చిన మాస్టర్ ఆదేశాల్లో ఈ మాట ఉంది. చివరిసారి సొమ్ము జమ చేసిన రోజు నుంచి ఈ ఏడాది లెక్క. గిఫ్ట్ కార్డులో మళ్లీ సొమ్ము వేయడం కుదరదు కాబట్టి దానికి సొమ్ము వేసి జారీ చేసిన రోజే లెక్కలోకి వస్తుంది. ఒక్కో గిఫ్ట్ కార్డు విలువ 10,000 రూపాయలకు మించకూడదు. ఆరు నెలలకే గడువు వేసిన ఈ తరహా కార్డు మీ చేతికి వస్తే ఆ గడువే నిబంధనలకు విరుద్ధం. అదే ఆదేశాల ప్రకారం గడువు తీరడానికి ముందున్న 45 రోజుల్లో జారీ సంస్థ మీకు తగిన వ్యవధుల్లో ఎస్సెమ్మెస్, మెయిల్ వంటి మార్గాల్లో హెచ్చరిక పంపాలి. అదీ కార్డు ఇచ్చేటప్పుడు మీరు ఎంచుకున్న భాషలో. తెలుగులో హెచ్చరిక అందుకున్నవారు నాకైతే ఇంతవరకు తారసపడలేదు. హెచ్చరిక రాలేదన్న విషయం తర్వాత మీ ఫిర్యాదులో ఒక బలమైన వాక్యం అవుతుంది కాబట్టి ఇన్‌బాక్స్, స్పామ్ రెండూ వెతికి చూసుకోండి.

వాడే ఉద్దేశం లేకపోతే ఇంట్లో మరొకరికి ఇచ్చేయడం తేలికైన మార్గం. చాలా కార్డులు నంబరు, పిన్ ఉన్నవారు ఎవరైనా వాడుకునేలా ఉంటాయి. తెలియనివారికి ఆన్‌లైన్‌లో అమ్మబోయి నంబరు ముందే చెప్పేయడం మాత్రం చేయకండి. పిన్ చేతులు మారిన క్షణంలోనే బ్యాలెన్స్ ఖాళీ అవుతుంది, పోలీసులకు చెప్పినా తిరిగి రావడం కష్టం.

దుకాణం సొంత కూపను అయితే గడువుకు ముందే మెయిల్‌లో పొడిగింపు అడగండి. నోటిమాటతో మేనేజరు ‘తర్వాత రండి, చూద్దాం’ అంటే అదే మాటను ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పంపండి: ‘ఈ రోజు మీ శాఖలో మాట్లాడిన ప్రకారం వచ్చే నెలాఖరు వరకు ఈ వోచరును అనుమతిస్తామని చెప్పారు, ధన్యవాదాలు.’ జవాబు రాకపోయినా ఆ మెయిల్ మీకు సాక్ష్యం.

గడువు తీరింది, రిజర్వు బ్యాంకు పరిధిలోని కార్డు

జనానికి పెద్దగా తెలియనిది, అందరికీ తెలియాల్సినది ఈ భాగమే. బ్యాంకు కాని జారీ సంస్థ ఏదైనా, గడువు తీరిన కార్డులో మిగిలిన సొమ్మును కనీసం మూడేళ్ల దాకా తన లాభనష్టాల ఖాతాలో వేసుకోకూడదు. గడువు తీరిన తర్వాత కార్డుదారు ఎప్పుడు వచ్చి అడిగినా ఆ సొమ్మును బ్యాంకు ఖాతాలో చెల్లించాలి. గిఫ్ట్ కార్డుల గురించి అదే ఆదేశాల్లో మరో వాక్యం ఉంది: కార్డుదారు కోరితే కార్డును పునరుద్ధరించవచ్చు, కావలిస్తే దాని బదులు కొత్తది ఇవ్వవచ్చు.

ఇక్కడ సంస్థలు ఒక అడ్డుపుల్ల వేస్తాయి. గిఫ్ట్ కార్డు నుంచి నగదు తీయడం, వేరొకరి ఖాతాకు బదిలీ చేయడం కుదరదని నిబంధన ఉన్న మాట నిజం. కార్డుదారు సమ్మతితో, ఏ ఖాతా నుంచి సొమ్ము వచ్చిందో ఆ ఖాతాకే తిప్పి పంపడానికి మాత్రం వీలుంది. కస్టమర్ కేర్ ఉద్యోగి మొదటి సగం చదివి ‘రూలు ఒప్పుకోదు’ అంటాడు. నగదు ఉపసంహరణ నిషేధం వాడుకలో ఉన్న కార్డు గురించినది, గడువు తీరాక వాపసు వేరే పేరాలో ఉంది అని చెప్పండి. వాపసు దగ్గర బిగుసుకుంటే పునరుద్ధరణ అడగండి. నా సలహా ఏమిటంటే ఉత్తరంలో రెండూ అడగాలి. రెండిటికీ ‘కాదు’ అని రాతలో చెప్పడానికి ఏ సంస్థ అయినా వెనకాడుతుంది.

జారీ సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాసే ఉత్తరం ఇంత ఉంటే చాలు:

విషయం: గడువు తీరిన గిఫ్ట్ కార్డులోని సొమ్ము వాపసు లేదా కార్డు పునరుద్ధరణ

నోడల్ అధికారి గారికి,

మీ సంస్థ జారీ చేసిన గిఫ్ట్ కార్డు (చివరి నాలుగు అంకెలు: ....) నా దగ్గర ఉంది. జారీ తేదీ .... ; గడువు తేదీ .... ; మిగిలిన సొమ్ము .... రూపాయలు. గడువుకు ముందు 45 రోజుల్లో నాకు ఎలాంటి హెచ్చరికా అందలేదు. ప్రీపెయిడ్ పేమెంట్ ఇన్‌స్ట్రుమెంట్లపై రిజర్వు బ్యాంకు మాస్టర్ ఆదేశాల ప్రకారం మిగిలిన సొమ్మును కింద తెలిపిన నా బ్యాంకు ఖాతాలో జమ చేయాలని, లేదా అదే విలువతో కార్డును పునరుద్ధరించాలని కోరుతున్నాను. తిరస్కరించేటట్లయితే ఏ నిబంధన కింద తిరస్కరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపండి. కొనుగోలు రశీదు, కార్డు చిత్రం జతచేశాను.

కార్డు చిత్రం జతచేసేటప్పుడు పిన్‌ను, మధ్య అంకెలను కప్పేయండి. ఫోన్‌లో ‘వెరిఫికేషన్ కోసం’ అంటూ పిన్ గానీ ఓటీపీ గానీ అడిగితే ఆ ఫోను పెట్టేయండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికితే మోసగాళ్ల నంబర్లే ముందు కనిపించే ప్రమాదం ఉంది. కార్డు మీదో, జారీ సంస్థ సొంత సైటులోనో ఉన్న నంబరే వాడండి.

ఈ ఫిర్యాదును వీలైతే 48 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 30 రోజుల్లోపు పరిష్కరించాలని ఆదేశాలు చెబుతున్నాయి. టికెట్ నంబరు తీసుకోండి. 30 రోజులు గడిచినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారికి వెళ్లవచ్చు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా దాఖలు చేయవచ్చు, అనుమానాలుంటే 14448కి ఫోన్ చేయవచ్చు. సంస్థకు రాయకుండా నేరుగా అంబుడ్స్‌మన్‌కు వెళ్తే ఫిర్యాదును తిప్పి పంపుతారు. అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తూ ఉన్నా తీసుకోరు. కాబట్టి ముందు ఇది, కుదరకపోతే అది.

దుకాణం సొంత కూపను అయితే

ఇక్కడ నేరుగా చూపించగల నిబంధన లేదు. దుకాణాల సొంత కూపన్లకు కనీసం ఇంత గడువు ఉండాలని మన చట్టం ఎక్కడా అంకె వేయలేదు. అలాగని దుకాణం ముద్రించిందల్లా చట్టం అయిపోదు. వినియోగదారుడి మీద అసమంజసమైన భారం, షరతు మోపి అతణ్ని నష్టపరిచే ఒప్పందాన్ని సెక్షన్ 2(46) అన్యాయమైన ఒప్పందం అంటోంది. అనుచిత వ్యాపార పద్ధతుల సంగతి 2(47)లో ఉంది.

మీ కేసు నిలబడుతుందా లేదా అన్నది నా లెక్కలో మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. గడువు సంగతి డబ్బు కట్టకముందే మీకు కనిపించేలా చెప్పారా? ఇచ్చిన వ్యవధి ఆ వస్తువుకు సమంజసమైనదేనా? వాడలేకపోవడానికి కారణం మీరా, దుకాణమా? మూడోది అన్నిటికన్నా బలమైనది. ఆ శాఖ మూసేశారు, మరమ్మతులని రెండు నెలలు షట్టరు దించారు, శని ఆదివారాలు చెల్లదన్నారు, ఎప్పుడు అడిగినా ‘ఈ వారం బుకింగులు నిండిపోయాయి’ అన్నారు: ఇలాంటిది ఒక్కటి రుజువైనా గడువు వెనక దాక్కునే వీలు దుకాణానికి ఉండదు. ఏడాది పొడవునా బీరువాలో మరిచిపోయి, గడువు స్పష్టంగా ముద్రించి ఉన్న కూపను పట్టుకుని వెళ్తే మాత్రం కమిషన్ ముందు నెగ్గడం కష్టం. ఆ సందర్భంలో హక్కుగా కాక మర్యాదగా అడగండి. సగం విలువకైనా ఒప్పుకుంటే తీసుకోండి.

‘జీఎస్టీ కట్టేశాం, వెనక్కి ఇవ్వలేం’ అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2024 డిసెంబర్ 31న ఇచ్చిన సర్క్యులరులో వోచర్ల లావాదేవీ వస్తువుల సరఫరా గానీ సేవల సరఫరా గానీ కాదని, వాడకుండా మిగిలిపోయిన వోచర్ల మీద జీఎస్టీ లేదని స్పష్టం చేసింది. ఆ సర్క్యులరు ప్రస్తావన తెస్తే సంభాషణ తీరు మారుతుంది. సేవా ప్యాకేజీకి ముందే బిల్లు వేసి పన్ను కట్టి ఉంటే సంగతి వేరు. అక్కడ కూడా క్రెడిట్ నోటు (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇచ్చి సర్దుకునే పద్ధతి వ్యాపారులకు తెలిసిందే.

జిమ్, స్పా, కోచింగ్: ఎంత అడగాలి

ఎక్కువ సొమ్ము చిక్కుకునేది ఇక్కడే. చాలామంది కట్టిందంతా తిరిగి ఇమ్మని అడిగి బేరం చెడగొట్టుకుంటారు. వాడుకున్నదాన్ని తీసేసి అడిగితే మీ మాటకు బరువు పెరుగుతుంది. ఒక స్పా ప్యాకేజీ అనుకుందాం. 12 సిట్టింగులకు 24,000 కట్టారు, మూడు వాడుకున్నారు, తర్వాత ఊరు మారారు. మీ లెక్క ప్రకారం ఒక్కోటి 2,000, మిగిలిన తొమ్మిదికి 18,000 రావాలి. స్పా వాళ్లు ‘ప్యాకేజీ రద్దు చేస్తే విడి ధర వర్తిస్తుంది, ఒక్కోటి 3,000, మూడింటికి 9,000 పోగా 15,000 ఇస్తాం’ అనవచ్చు. అది దోపిడీ కాదు. తగ్గింపు ధర మొత్తం ప్యాకేజీకి ఇచ్చినదన్న వాదనలో న్యాయం ఉంది. 15,000 చేతికి వస్తుంటే తీసుకుని బయటపడమనే చెబుతాను. ‘ఒకసారి కట్టినది వెనక్కి ఇవ్వబడదు’ అనే బోర్డు చూపించి సున్నా అంటేనే తగవు పెట్టుకోవాలి.

మీరు ఊరు మారినా, డాక్టరు వ్యాయామం వద్దన్నా ఆ కాగితం జతచేయండి. వారే శిక్షకుణ్ని మార్చారు, వేళలు మార్చారు, ఏసీ పని చేయలేదు అంటే అది సేవాలోపం. అప్పుడు విడి ధర లెక్క ఒప్పుకోనక్కర్లేదు.

కోచింగ్ ఫీజుల విషయంలో కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మొత్తం ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం 10 రోజుల్లో వాపసు ఇవ్వాలి. హాస్టల్, మెస్ ఫీజులకు కూడా ఇది వర్తిస్తుంది. అమలు బాధ్యత రాష్ట్రాలది కాబట్టి దాన్ని తలుపులు తెరిచే తాళంచెవి అనుకోకండి. ఉత్తరంలో ఉదహరించడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

రద్దయిన విమాన టికెట్ల సొమ్ముకు బదులుగా, తర్వాతి ప్రయాణానికి వాడుకోమని ఇచ్చే ‘క్రెడిట్ షెల్’ కూడా ఈ కోవలోదే. కోవిడ్ లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్లపై సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న ఇచ్చిన తీర్పులో, వెంటనే సొమ్ము చెల్లించలేని విమానయాన సంస్థ క్రెడిట్ షెల్ ఇస్తే అది 2021 మార్చి 31 దాకా చెల్లాలని, మరొకరికి బదిలీ చేసుకునే వీలుండాలని, నెల నెలా విలువ పెరగాలని (2020 జూన్ 30 వరకు 0.5 శాతం, ఆపైన 0.75 శాతం), అప్పటికీ వాడకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలని చెప్పింది. ఆ ఆదేశం ఆ సందర్భానికే పరిమితం. అయినా ఈ తగాదాల్లో న్యాయస్థానం ఎలా ఆలోచించిందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మాట వినకపోతే

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా నమోదు చేయవచ్చు. ఇది కోర్టు కాదు, ఆదేశాలు ఇచ్చే అధికారం దీనికి లేదు. మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు రాబడుతుంది. పెద్ద బ్రాండ్లు చాలావరకు ఈ దశలోనే దిగివస్తాయి, ఎందుకంటే అక్కడ వారి తరఫున ప్రత్యేకంగా ఒకరు కూర్చుని ఉంటారు. వీధి చివరి జిమ్ యజమాని మాత్రం ఆ మెయిల్ తెరిచి కూడా చూడడు. 500 రూపాయల కూపను అయితే ఇక్కడితో ఆగిపోవడం తెలివైన పని.

సొమ్ము పెద్దదైతే నోటీసు పంపండి. లాయరే పంపాలని లేదు. మీరే తెల్లకాగితం మీద, జరిగింది తేదీల వారీగా రాసి, 15 రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. కేసు వేయడానికి నోటీసు తప్పనిసరి కాకపోయినా, నోటీసు అందుకుని కూడా స్పందించలేదన్నది కమిషన్ ముందు మీకు కలిసొస్తుంది.

తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా ఉంటే అక్కడే వేయాలి. 5 లక్షల వరకు ఫీజు లేదు. దుకాణం బెంగళూరులో ఉన్నా మీరు నివసించే, లేదా పనిచేసే జిల్లాలో ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కేసుకు కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. సురక్షితంగా ఉండాలంటే వోచర్ గడువు తేదీ నుంచే ఆ రెండేళ్లు లెక్కపెట్టుకోండి. ‘మాట్లాడుతున్నాం, పరిశీలిస్తున్నాం’ అనే మెయిళ్లతో కాలం దొర్లిపోయాక ఆ గడువు పొడిగించమని కమిషన్‌ను బతిమాలుకోవాల్సి వస్తుంది.

ఫిర్యాదు రాసే తీరులో ఒక మెలకువ ఉంది. ‘ఈ షరతు అన్యాయమైన ఒప్పందం, దీన్ని కొట్టేయండి’ అని రాస్తే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. ఒప్పందంలోని షరతును చెల్లదని ప్రకటించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు. అదే విషయాన్ని సేవాలోపంగా, అనుచిత వ్యాపార పద్ధతిగా రాసి, సొమ్ము వాపసు, పరిహారం, ఖర్చులు అడిగితే జిల్లా కమిషన్‌లోనే నడుస్తుంది. పరిహారం అడిగేటప్పుడు అదుపు అవసరం. 6,000 రూపాయల వోచర్‌కు మానసిక క్షోభ కింద ఐదు లక్షలు అడిగినవారి కేసును ఏ సభ్యులైనా చిరునవ్వుతోనే చూస్తారు.

జతచేయాల్సినవి: కొన్న రశీదు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్, వోచర్ రెండువైపులా చిత్రం, కొన్ననాటి నియమ నిబంధనల ప్రతి, బ్యాలెన్స్ తెర చిత్రం, మెయిళ్లు, టికెట్ నంబర్లు. నిబంధనల పేజీని సంస్థలు మార్చేస్తుంటాయి. కొన్న రోజే పీడీఎఫ్‌గా దాచుకున్నవారికి ఆ బెంగ ఉండదు. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఒక ధ్రువీకరణ పత్రం జోడిస్తే అవతలి లాయరు అభ్యంతరం చెప్పే వీలుండదు.

దుకాణమే మూతపడితే

మిగతా అన్నిటికీ కొంత తీరుబడి ఉంటుంది. దీనికి ఉండదు. క్రెడిట్ లేదా డెబిట్ కార్డుతో కొని ఉంటే ఆ రోజే మీ బ్యాంకుకు రాసి ‘చార్జ్‌బ్యాక్’, అంటే ఆ చెల్లింపును బ్యాంకు ద్వారా వెనక్కి తిప్పించడం, అడగండి. చెల్లించిన సేవ అందలేదన్నది కారణం. నెలలు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది. యూపీఐలో కట్టినవారికి ఇంత బలమైన రక్షణ లేదు. పెద్ద మొత్తం ముందుగా కట్టేటప్పుడు నేను క్రెడిట్ కార్డునే నమ్మడానికి కారణం అదే.

రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న, బ్యాంకు కాని సంస్థ జారీ చేసిన కార్డయితే అంత కంగారు అక్కర్లేదు. వారు వసూలు చేసిన సొమ్మును ఒక షెడ్యూల్డ్ బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో విడిగా ఉంచాలి. దుకాణం మూసినా ఆ సొమ్ము అక్కడ ఉంటుంది. ఇతర దుకాణాల్లో చెల్లకపోతే వాపసు అడగండి.

దుకాణం సొంత కూపనైతే, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే మీరు రుణదాతల వరుసలో చివరి వైపు నిలబడ్డట్టే. గో ఫస్ట్ విమానయాన సంస్థ 2023 మేలో సర్వీసులు ఆపేసి దివాలా కోరినప్పుడు ముందుగా టికెట్లు కొన్నవారి పరిస్థితి ఇదే. దివాలా ప్రకటన పత్రికల్లో వచ్చాక అందులో ఇచ్చిన తేదీలోపు, దివాలా ప్రక్రియ నడపడానికి నియమితుడైన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు క్లెయిమ్ దాఖలు చేయాలి. ఇతర రుణదాతలకు ఫారం ఎఫ్ ఉంటుంది, ఫీజు లేదు. దివాలా మారటోరియం (కంపెనీ మీద కేసులు నిలిపేసే కాలం) నడుస్తుండగా ఆ కంపెనీ మీద వినియోగదారుల కేసు వేసినా ముందుకు కదలదు.

నగల దుకాణాల నెలవారీ పథకాలు దాదాపు అన్నీ 11 నెలలే ఎందుకుంటాయో ఇక్కడ చెప్పాలి. కంపెనీల డిపాజిట్ల నియమాలు, 2014 ప్రకారం సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును 365 రోజుల్లోగా సరుకు ఇచ్చి సర్దేయాలి. లేకపోతే అది డిపాజిట్ లెక్కలోకి వెళ్లి కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. కంపెనీ రూపంలో ఉన్న దుకాణం పథకం ముగిశాక కూడా ‘తర్వాత తీసుకోండి, మీ డబ్బు భద్రంగా ఉంటుంది’ అని తేదీ దాటిస్తుంటే అది మర్యాద అనుకోకండి. నగ గానీ డబ్బు గానీ ఆ నెలలోనే తీసుకోండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు

అమెరికాలో 2009 నాటి సమాఖ్య చట్టం ప్రకారం గిఫ్ట్ కార్డులోని సొమ్ముకు కనీసం ఐదేళ్ల గడువు ఉండాలి. ఏడాది పాటు వాడకపోతే తప్ప వాడనందుకు ఫీజు కోయకూడదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో ఇంకా మెరుగు: దుకాణం అమ్మిన గిఫ్ట్ కార్డుకు చాలా సందర్భాల్లో గడువే పెట్టకూడదు, చిల్లర మొత్తం మిగిలితే నగదుగా అడగవచ్చు. ఆస్ట్రేలియాలో 2019 నవంబర్ నుంచి కనీసం మూడేళ్లు. అక్కడి నుంచి ఇండియాలోని అమ్మానాన్నలకు ఇక్కడి సైటులో గిఫ్ట్ కార్డు కొని పంపితే మాత్రం ఐదేళ్లు, మూడేళ్లు లెక్క చెల్లదు. ఇక్కడ జారీ అయిన కార్డుకు ఇక్కడి నిబంధనే, అంటే ఏడాదే. కొన్న మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో, కార్డు నాన్నగారి ఫోనులో ఉంటాయి. ఆ రెండూ ఒకే చోటికి చేర్చి, గడువు తేదీని ఇద్దరి ఫోన్ క్యాలెండర్లలోనూ రెండు నెలల ముందుగా పెట్టుకోండి.